డబ్బా మీద మందు కాదని ఉంది, మీ వీడియోలో షుగర్ తగ్గుతుందని ఉంది

ఈసారి ఉత్తరం ఖమ్మం జిల్లా నుంచి వచ్చింది. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు కాబట్టి విషయం మాత్రం క్లుప్తంగా చెప్తాను. ఈవిడ భర్త ట్రాక్టర్ స్పేర్ పార్టుల షాపులో పని చేస్తారు, ఇద్దరు పిల్లలు, అత్తయ్య కూడా వీళ్ళ దగ్గరే ఉంటారు. ఏడాదిన్నర కిందట భర్త పెద్దక్క, అంటే ఈవిడ వదిన, తనున్న డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీలో (షాపులు లేకుండా మనుషుల చేతే సరుకు అమ్మించే కంపెనీ) తన కింద ఈవిడ్ని చేర్పించింది. అమ్మేది నేరేడు గింజలు, కాకర, మెంతులతో చేసిన క్యాప్సూల్స్, డబ్బా 1,450 రూపాయలు. మంగళవారం, శనివారం రాత్రి జూమ్ మీటింగులు. సంక్రాంతి అయ్యాక వదిన వాట్సాప్‌లో ఒక స్క్రిప్టు పంపింది. అత్తయ్య పక్కన కూర్చుని, డబ్బా చేత్తో పట్టుకుని, "మా అత్తయ్యకి షుగర్ 280 ఉండేది, ఇది వాడాక మూడు నెలల్లో 135కి వచ్చింది, ఇప్పుడు మాత్రలు కూడా సగం తగ్గించాం" అని చెప్పాలి. అత్తయ్య మాత్రలు ఒక్కటి కూడా తగ్గించలేదు. పైగా ఆ మూడు నెలలూ రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టె తిన్నారు, పొద్దున్నే నడిచారు. ఆ మాట వదినతో అంటే "అలా చెప్తేనే జనం నమ్ముతారు" అంది. ఈవిడ వీడియో తీసి ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ స్టేటస్‌లో, రెండు గ్రూపుల్లో పెట్టారు.

పక్క వీధిలో ఉండే ఒక రిటైర్డ్ మాస్టారు అది చూసి డబ్బాలు కొన్నారు, మాత్రలు మానేశారు. కాలి వేలికి చిన్న దెబ్బ తగిలింది, మానలేదు, చివరికి హైదరాబాద్ తీసుకెళ్తే వేలు తీసేశారు. బెంగళూరులో ఉండే ఆయన కొడుకు "మీ వీడియో నా దగ్గరుంది, లీగల్‌గా వెళ్తాను" అని మెసేజ్ పెట్టాడు. వదినేమో "మాస్టారిని మాత్రలు మానమని మనం చెప్పామా? ఇది మందు కాదు, ఫుడ్ సప్లిమెంట్, దీనికి చట్టాలేం లేవు. అయినా మనం యాడ్ వేశామా ఏంటి, స్టేటస్సే కదా. ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ) నంబర్ ఉంది, భయమెందుకు, డిలీట్ చేసి ఆ అబ్బాయి నంబర్ బ్లాక్ చెయ్" అంటోంది. భర్తేమో అక్కతో గొడవ వద్దంటున్నారు. ఇంట్లో ఇంకా 38 వేల సరుకుంది. "నన్ను జైల్లో పెడతారా? తప్పు నాదేనా? ఇందులోంచి ఎలా బయటపడాలి?" అని అడుగుతున్నారు.

చెల్లీ, మీరడిగిన ప్రశ్నలకి ముందు అడగని దాని గురించి మాట్లాడతాను. మీ దగ్గర ఆ క్యాప్సూల్స్ కొన్నవాళ్ళు ఇరవై మంది దాకా ఉంటారని రాశారు. అందులో మాస్టారిలాగే మాత్రలు ఆపినవాళ్ళు, తగ్గించుకున్నవాళ్ళు ఇంకెంతమంది ఉన్నారో మీకు తెలీదు. ఈ జవాబు మిగతాది తర్వాత చదువుకోవచ్చు, ముందు ఫోన్ తీసి వాళ్ళందరికీ కాల్ చేయండి. మెసేజ్ పెడితే సగం మంది చూడరు. "షుగర్ మాత్రలు వాడుతున్నారా, డాక్టరు చెప్పినట్టే వేసుకుంటున్నారా, ఈ క్యాప్సూల్స్ చూసుకుని ఏమైనా తగ్గించారా" అని సూటిగా అడగండి. ఆపామని ఎవరైనా అంటే ఇవాళే డాక్టర్ని కలవమనండి. ఎంత మోతాదుతో మళ్ళీ మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి, ఆ సలహా కూడా మీరివ్వొద్దు. బీపీ మాత్రల సంగతీ అడగండి, ఎందుకంటే ఒకటి ఆపినవాళ్ళు రెండోదీ ఆపుతుంటారు.

ఇక తప్పు సంగతి. మెత్తగా చెప్తే మీకు ఉపయోగం ఉండదు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను. మాత్రలు మానమని మాస్టారికి మీరు నోటితో చెప్పలేదు, నిజమే. కానీ మీ వీడియోలో అసలు పని చేసిన వాక్యం "మాత్రలు కూడా సగం తగ్గించాం" అన్నది. షుగర్ ఉన్న మనిషికి రోజూ మందు వేసుకోవడం ఒక విసుగు, అది తప్పుతుందన్న ఆశ చాలా పెద్దది. ఆ ఆశ పుట్టించిన మాట అబద్ధమని మీకు తెలుసు, వదినకీ తెలుసు. తప్పంతా మీదేనా అంటే కాదు, స్క్రిప్టు రాసిందీ పంపిందీ మీరు కాదు. మీది లేదా అంటే ఉంది. ఈ రెండూ ఒప్పుకుంటేనే ముందుకెళ్ళే దారి కనిపిస్తుంది.

మీరు పంపిన డబ్బా ఫోటోలు పెద్దవి చేసి చూశాను. ముందు వైపు పెద్దక్షరాల్లో పేరు, కింద హెల్త్ సప్లిమెంట్ అని ఉంది. వెనక, చిన్నక్షరాల్లో "నాట్ ఫర్ మెడిసినల్ యూజ్" అని ఉంది, రోజుకి రెండు క్యాప్సూల్స్ మించొద్దని ఉంది. మీ వీడియోలో మీరు నాలుగు చెప్పారు, పొద్దున రెండు, రాత్రి రెండు. వదిన స్క్రిప్టులోనూ నాలుగే ఉంది, డబ్బా తొందరగా అయిపోవాలి కదా. ఇక షుగర్ అన్న మాట డబ్బా మొత్తం మీద ఒక్కచోట కూడా లేదు. వేయడం మరిచిపోయి కాదు, వేస్తే దొరికిపోతారని వేయలేదు. కంపెనీ డబ్బా మీద రాయడానికి జంకిన మాటని మీ నోటితో, మీ అత్తయ్య మొహంతో చెప్పించారు. ఈ వ్యాపారంలో నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

వదిన వాదనలు చూద్దాం. ఫుడ్ సప్లిమెంట్‌కి చట్టాల్లేవన్నది పూర్తిగా తప్పు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కిందే ఇవి వస్తాయి, డబ్బా మీద ఆ మెడిసినల్ యూజ్ మాట రాయాలన్నది కూడా ఆ చట్టం కింద చేసిన నిబంధనే. ప్రకటనల గురించి విడిగా 2018లో నిబంధనలు వచ్చాయి, 2019 జూలై నుంచి అమల్లో ఉన్నాయి. ప్రత్యేకంగా అనుమతి ఉంటే తప్ప, ఒక ఆహార పదార్థం ఫలానా జబ్బుని నయం చేస్తుందని, తగ్గిస్తుందని, రాకుండా ఆపుతుందని చెప్పడానికి వీల్లేదు. కాల్షియం, ఎముకలు గుల్లబారడం లాంటి కొన్నిటికి, అదీ ఫలానా షరతులతో ఫలానా మాటల్లో, ముప్పు తగ్గే అవకాశం గురించి చెప్పుకోనిచ్చారు. 280 నుంచి 135 అనే మాట ఏ రకంగానూ అందులో ఇమడదు.

స్టేటస్ యాడ్ కాదన్నది ఇంకో తప్పు. 2006 చట్టంలోనూ, 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనూ ప్రకటన అంటే ఏంటో రాసి ఉంది. వెలుగు, శబ్దం, పొగ, గ్యాస్, ప్రింటు, ఎలక్ట్రానిక్ మీడియా, ఇంటర్నెట్, దేని ద్వారా చేసిన ప్రచారమైనా ప్రకటనే. చివరికి బిల్లు కాగితం మీద రాసినా సరే. పొగ కూడా వదలనివాళ్ళు వాట్సాప్‌ని వదులుతారా? గ్రూపులో పెట్టిన వీడియో అందులోకి రాదని వాదించి గెలుస్తారని నేననుకోను.

ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్ గురించి చాలామందికి ఈ అపోహ ఉంది. ఆ 14 అంకెల నంబర్ తయారుచేసే వాళ్ళకి లైసెన్సు ఉందని చెప్తుంది, అంతే. క్యాప్సూల్ వేసుకుంటే షుగర్ తగ్గుతుందని ప్రభుత్వం పరీక్ష చేసి ఇచ్చిన సర్టిఫికెట్ కాదది. అన్నట్టు, అమ్మే మనిషిగా మీకు కూడా ఆ రిజిస్ట్రేషన్ ఉండాలి. చేర్చుకున్నప్పుడు ఎవరైనా చెప్పారా? ఉత్తరంలో ఆ ఊసే లేదు. "లోపల ఉన్నవన్నీ డబ్బా మీద నిజాయితీగా రాశారు కదా" అని కూడా వదిన అనొచ్చు. దానికీ ఆ 2006 ఆహార చట్టంలో జవాబుంది. పదార్థాల వివరం సరిగ్గా ఉన్నంత మాత్రాన ప్రకటన తప్పుదోవ పట్టించలేదని అనుకోనక్కర్లేదని 53వ సెక్షన్లోనే రాశారు.

మీ అసలు భయం జైలు కాబట్టి దాని సంగతి చెప్తాను. ఆ 53వ సెక్షన్ కింద తప్పుదోవ పట్టించే ప్రకటన వేసినవాళ్ళకీ, అందులో భాగమైనవాళ్ళకీ 10 లక్షల దాకా జరిమానా పడొచ్చు. విచారించేది అదనపు జిల్లా మెజిస్ట్రేట్ స్థాయికి తగ్గని అధికారి. ఆ సెక్షన్లో జైలు లేదు. 10 లక్షలంటే గుండె ఆగినంత పని అవుతుందని తెలుసు, కానీ అది గరిష్ఠం. ఎంత వేయాలో తేల్చేటప్పుడు ఎంత లాభం వచ్చింది, ఎదుటివాళ్ళకి ఎంత నష్టం జరిగింది, తెలిసి చేశారా, మళ్ళీ మళ్ళీ చేశారా అన్నవి చూడాలని 49వ సెక్షన్ చెప్తుంది. అందుకే ఇవాళ మీరు చేసే పనికి రేపు విలువుంటుంది. వినియోగదారుల చట్టం కింద సెంట్రల్ కన్స్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీ అని ఒకటుంది, దానికి తయారీదారుతో పాటు ప్రకటనలో కనిపించి మెచ్చుకున్నవాళ్ళ మీద కూడా 10 లక్షల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారముంది. ముందు నిజానిజాలు సరిచూసుకున్న వాళ్ళకి అందులో మినహాయింపుంది, కానీ అత్తయ్య మాత్రలు తగ్గించలేదని మీకు ముందే తెలుసు కాబట్టి అది మీకు అక్కరకి రాదు. అదే చట్టంలో రెండేళ్ళ జైలు మాటున్న 89వ సెక్షన్ తయారీదారులు, సేవలందించేవాళ్ళ గురించి. ఇక 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కొన్ని జబ్బులకి మందులంటూ ప్రకటనలు వేయడాన్ని నిషేధించింది, ఆ జబ్బుల షెడ్యూలులో మధుమేహం ఉంది. ఆహారంగా అమ్మేదాన్ని మీరే మందులా చూపించారు కాబట్టి ఈ చట్టం కూడా తగులుతుందని ఎదుటి లాయరు వాదించొచ్చు. ఈ ఒక్క విషయం లాయర్‌తో విడిగా మాట్లాడండి, ఉత్తరం చూసి నేను తేల్చేది కాదు.

ఇప్పుడు వదినకి బహుశా తెలియని సంగతి ఒకటుంది. డైరెక్ట్ సెల్లింగ్ కోసం 2021 డిసెంబరులో కేంద్రం ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. కంపెనీ ఒప్పుకోని మాటలు చెప్పి అమ్మకూడదని, కంపెనీ ఆమోదించని కరపత్రాలూ అవీ ఇవ్వకూడదని అమ్మే మనిషికి అందులో నిషేధం ఉంది. మంచి నిబంధనే. కానీ గొడవ వచ్చినప్పుడు కంపెనీ దాన్ని ఎలా వాడుకుంటుందో ఆలోచించండి. "మా డబ్బా మీద షుగర్ మాటే లేదు, ఈవిడే సొంతంగా చెప్పింది" అంటుంది. జూమ్ మీటింగులో పైవాళ్ళు నూరిపోసిన మాటకి కాగితం మీద ఆధారం ఉండదు. అదే నిబంధనల్లో, తమ సెల్లర్ల అమ్మకాల వల్ల వచ్చే ఫిర్యాదులకి కంపెనీ బాధ్యత ఉంటుందని కూడా ఉంది, కాబట్టి కంపెనీ పూర్తిగా చేతులు దులుపుకోలేదు. కానీ మీ దగ్గర ఆధారాలుండాలి. వదిన పంపిన స్క్రిప్టు, వాయిస్ మెసేజ్‌లు, మీటింగ్ లింకులు, గ్రూపులో పైవాళ్ళు మీ వీడియోకి పెట్టిన మెచ్చుకోళ్ళు, అన్నీ తేదీలు కనిపించేలా దాచుకోండి. వేరే ఫోన్లో ఒక కాపీ ఉంచండి.

వీడియో సంగతికొస్తే, వదిన చెప్పినట్టు చప్పుడు కాకుండా డిలీట్ చేస్తే రెండు నష్టాలున్నాయి. మాస్టారి అబ్బాయి దగ్గర కాపీ ఉంది కాబట్టి ఆధారం పోదు, పైగా భయపడి దాచారన్న మాట పడుతుంది. రెండోది, ఆ వీడియో చూసి నమ్మినవాళ్ళు నమ్ముతూనే ఉంటారు. అలాగని ఉంచితే రోజూ కొత్తవాళ్ళు చూస్తారు. కాపీ దాచుకుని, అన్నిచోట్లా తీసేసి, అవే చోట్ల సవరణ పెట్టడం నా దృష్టిలో మంచిది. "మా అత్తయ్య మాత్రలు తగ్గించలేదు, ఈ క్యాప్సూల్స్ షుగర్‌కి మందు కాదు, మీ డాక్టరు రాసినవి ఆపొద్దు" అని మూడు ముక్కలు చాలు. 2024లో, తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద నడిచిన పతంజలి కేసులో కంపెనీవాళ్ళు పేపర్లలో క్షమాపణ వేస్తే, మీ యాడ్లు ఎంత సైజులో ఉంటాయో ఇదీ అంతే ఉందా అని సుప్రీంకోర్టు అడిగింది. అలా అడిగిన ధర్మాసనంలో ఉన్నది అంతకుముందు తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన జస్టిస్ హిమా కోహ్లీ. మీ సవరణ కూడా వీడియో ఎక్కడెక్కడ తిరిగిందో అక్కడల్లా తిరగాలి. దీనివల్ల కంపెనీ గ్రూపుల్లోంచి మిమ్మల్ని తీసేయొచ్చు, వదిన మాట్లాడకపోవచ్చు, మీ మాటల్నే ఒప్పుకోలుగా కోర్టులో చూపించొచ్చు. అందుకే పెట్టేముందు ఒకసారి లాయర్‌కి చదివి వినిపించండి, కానీ ఆ వంకతో వారాలు గడపొద్దు. ఇరవై మందికి ఫోన్లు చేయడానికి మాత్రం ఎవర్నీ అడగక్కర్లేదు.

మాస్టారింటికి వెళ్ళాలా వద్దా అన్నది మీరు తేల్చుకోవాల్సిందే. వెళ్ళకపోతే చట్టపరంగా కొత్త చిక్కేం రాదు, కానీ పక్క వీధి, రోజూ మొహాలు చూసుకోవాలి. ఎవరూ పలకరించలేదన్న కోపం కూడా మనుషుల్ని వినియోగదారుల కమిషన్ దాకా తీసుకెళ్తుంది. వెళ్తే ఆ అబ్బాయి నాలుగు మాటలంటాడు, పడాలి. నేనైతే వెళ్ళమనే అంటాను, మీ ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళండి. మాస్టారి ఆరోగ్యం అడగండి, వీడియోలో మాత్రల మాట నిజం కాదని చెప్పండి, క్యాప్సూల్స్ డబ్బు తిరిగిచ్చేయండి. ఆసుపత్రి ఖర్చులు ఎవరు భరించాలన్న మాటొస్తే అక్కడికక్కడ ఒప్పుకోవద్దు, కాగితం మీద సంతకం చేయొద్దు, ఎందుకంటే అందులో కంపెనీ వాటా, వదిన వాటా కూడా తేలాలి. నంబర్ బ్లాక్ చేయడం మాత్రం అసలొద్దు. మాట్లాడే దారి మూసేస్తే మిగిలేది కేసే.

మాస్టారి కొడుకు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళాలంటే రెండేళ్ళ గడువుంది, ఐదు లక్షల లోపు కొనుగోలైతే ఫీజు కూడా లేదు. లాయర్ నోటీసు వస్తే భయపడకుండా జవాబిప్పించండి. కమిషన్ నుంచి నోటీసు వస్తే మాత్రం 30 రోజుల్లో మీ జవాబు వేయాలి, కమిషన్ ఒప్పుకుంటే ఇంకో 15 రోజులు, అది దాటితే తీసుకోరు. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో ఈ విషయం తేల్చేసింది. లాయర్‌కి డబ్బులెక్కడివి అని రాశారు. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్ళకి ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. ఖమ్మంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

38 వేల సరుకు విషయంలో మీకు రెండు దారులు. వ్యాపారంలో ఉండి, డబ్బా మీద ఏముందో అంతే చెప్పి అమ్ముకోవచ్చు, అది చట్టబద్ధమే. కానీ షుగర్ మాట తీసేస్తే 1,450 పెట్టి మెంతులు, కాకర ఎవరు కొంటారు? మీ నెల లెక్క అప్పుడు ఎలా ఉంటుందో కాగితం మీద వేసి చూడండి. రెండోది, మానేయడం. మీరు చేరినప్పుడు ఒప్పుకున్న షరతుల్లో సరుకు వెనక్కి తీసుకునే మాట ఉంటుంది, వెతకండి, సీలు తీయని డబ్బాలు వెంటనే వెనక్కి పంపుతామని కంపెనీ ఫిర్యాదుల అధికారికి మెయిల్ పెట్టండి. మీ మెయిల్ అందిందని ఆ అధికారి 48 పని గంటల్లో చెప్పాలి, మామూలుగా నెలలో తేల్చాలి. తేల్చకపోతే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. సీలు తీసిన డబ్బాల డబ్బు పోతుంది, పోనివ్వండి.

మిగిలింది వదిన. మీ ఆయన దీన్ని అక్కతో గొడవలా చూస్తున్నారు, అందుకే వెనకాడుతున్నారు. ఆయనకి 53వ సెక్షన్లో "ప్రకటనలో భాగమైనవాళ్ళు" అన్న మాట చూపించండి. ఆ స్క్రిప్టు వాళ్ళక్క నంబర్ నుంచే వచ్చింది, తన కింద ఇంకా ఎంతమంది చేత అదే వీడియో తీయించిందో ఏమో. మాస్టారిలాంటి వాళ్ళు ఇంకో ఇద్దరు బయటపడితే ముందు ఇరుక్కునేది తను. మీకు వదిన చెప్పినట్టే, పైన ఉన్నవాళ్ళు ఆవిడకీ చట్టాల్లేవనే చెప్పుంటారు, నమ్మి ఉండొచ్చు. కాబట్టి మీరు నిలదీయడం కంటే, తమ్ముడిగా ఆయనే ఫోన్ చేసి "అక్కా, నువ్వు కూడా ఆ వీడియోలు డిలీట్ చేయించెయ్" అంటే వినే అవకాశం ఎక్కువ. వినకపోతే కొన్నాళ్ళు మాటలుండవు, పండక్కి రాకపోవచ్చు, అది మీ ఇంట్లో అందరూ మోయాల్సిన బరువే. కానీ ఆ ఫోన్ ఈ శనివారం జూమ్ మీటింగ్ లోపు వెళ్ళాలి, ఆ రాత్రి ఇంకొకరి చేత అదే స్క్రిప్టు చదివించకముందే.